వచ్చే వారం మళ్లీ వస్తాను

నాన్నను ఆస్పత్రిలో చూపించిన రోజు డాక్టరు గారు ఆయనతో మాట్లాడింది రెండు నిమిషాలు కూడా ఉండదు. ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి, "సిగరెట్లు మానెయ్యండి, లేకపోతే చాలా ఇబ్బంది పడతారు" అన్నారు. నాన్న బడిపిల్లాడిలా తలూపాడు. ఆ రెండు నిమిషాల కోసం తెల్లవారకముందే లేచి, రెండు బస్సులు మారి వచ్చాం. తిరుగు బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆయన జేబులోంచి సిగరెట్టు తీశాడు. నేను చూస్తున్నానని తెలుసు కాబట్టి కాస్త అటు తిరిగి వెలిగించుకున్నాడు.

నాకు కోపం రావాలి. రాలేదు. నేను మానేసి అప్పటికి ఏడు నెలలే. భయం వేసినప్పుడు చెయ్యి దానంతటదే జేబులోకి ఎలా పోతుందో నాకు తెలుసు. మనిషిని అంతగా బెదరగొట్టి బయటికి పంపిస్తే, ఆయన దగ్గరున్న ఒకే ఒక్క టెన్షన్ మందు అదే కదా.

నేను పద్నాలుగేళ్లు తాగాను. ఐదోసారికి మానగలిగాను. మొదటి నాలుగుసార్లూ మొండితనం మీదే మానాను. ఒకసారి నాలుగు రోజులు ఆగాను, ఒకసారి ఏకంగా రెండు నెలలు. ఐదోసారికి నేను పనిచేసే చోటికి దగ్గర్లో పొగ మాన్పించే క్లినిక్ ఒకటి ఉందని తెలిసింది. సిగరెట్టుకు మనల్ని అలవాటు చేసే పదార్థమే నికోటిన్. వాళ్లు ఆ నికోటిన్ ఉన్న పట్టీ భుజానికి అంటించారు, జేబులో నికోటిన్ గమ్ పెట్టారు. అక్కడి నర్సు ప్రతి గురువారం ఫోన్ చేసేది. "ఈ వారం ఎన్ని?" అని అడిగేది. ఒక్కటీ లేదంటే సంతోషించేది. మూడు అంటే "ఏ పూట?" అనేది. అంతే, తిట్టేది కాదు. రేపు ఆమె ఫోన్ వస్తుందన్న ఒక్క కారణంతో నేను చేతిలో ఉన్నది పడేసిన బుధవారం రాత్రులు ఉన్నాయి.

నాన్న నాకంటే మొండి మనిషి. విరిగిన వేలితో ఆ పూట పనంతా పూర్తి చేసుకుని ఇంటికి వచ్చిన రకం. కాబట్టి నాకు సంకల్పబలం ఉందనీ ఆయనకు లేదనీ ఎవరైనా అంటే నవ్వొస్తుంది. నాకు గురువారం ఫోన్ వచ్చేది. ఆయనకు ఎవరూ ఫోన్ చేయలేదు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది దాదాపుగా ఇంతే. దవాఖానాకు దూరంగా ఉన్న ఊళ్లకు మనం ఇన్నేళ్లుగా పొగాకు గురించి పంపుతున్నది సలహా. పోస్టర్లు, గోడల మీద రాతలు, ఏడాదికోసారి మైకులో ప్రసంగం. పొగ హానికరమని అక్కడ తెలియనివాళ్లు ఎవరున్నారు? దగ్గుతూ దగ్గుతూ పోయిన మనిషిని ప్రతి ఇంట్లోనూ చూశారు. వాళ్లకు అందనిది చికిత్స. పట్టీ, గమ్, మాత్ర, వాటిని సరిగ్గా వాడటం నేర్పే మనిషి, అన్నిటికంటే ముఖ్యంగా ఆ మనిషి రెండోసారి రావడం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూలైలో పొగాకు మాన్పించే చికిత్స మీద తన మొట్టమొదటి మార్గదర్శకాలు విడుదల చేస్తూ ఒక లెక్క చెప్పింది. ప్రపంచంలో పొగాకు వాడేవాళ్లు 125 కోట్ల మంది. వాళ్లలో 60 శాతానికి పైగా, అంటే 75 కోట్ల మందికి పైగా, మానాలనే అనుకుంటున్నారు. పనికొచ్చే సాయం మాత్రం 70 శాతం మందికి అందుబాటులో లేదు. ఇష్టం లేక తాగుతున్నవాళ్లే ఎక్కువన్నమాట. "వాళ్లు మారరండీ" అని పెదవి విరిచే ముందు ఈ అంకెను ఒకసారి గుర్తు చేసుకోవాలి.

రెండోసారి రావడం మీద నాకు ఇంత పట్టుదల ఎందుకంటే, దానికి పాత సాక్ష్యం ఒకటి ఉంది. లండన్‌లో మైకేల్ రసెల్ అనే మానసిక వైద్యుడు 1979లో ఒక అధ్యయనం ప్రచురించాడు. 28 మంది సాధారణ డాక్టర్ల దగ్గరికి ఏవో జబ్బులతో వచ్చిన రెండు వేల పైచిలుకు పొగరాయుళ్లను నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఏమీ చెప్పలేదు. ఇంకో గుంపు చేత పొగ అలవాటు గురించి ప్రశ్నాపత్రం నింపించి వదిలేశారు. మూడో గుంపుకు పొగ మానమని డాక్టరు ఒకటి రెండు నిమిషాల్లో చెప్పాడు. నాలుగో గుంపుకు ఆ మాటే చెప్పి, చేతిలో ఒక కరపత్రం పెట్టి, "తర్వాత మిమ్మల్ని మళ్లీ కనుక్కుంటాం" అని కూడా చెప్పాడు. నెల లోపే మానేసి, ఏడాది తర్వాత కూడా ముట్టకుండా ఉన్నవాళ్లు వరసగా 0.3, 1.6, 3.3, 5.1 శాతం.

ఈ అంకెలను చిన్నవని తీసిపారేసేవాళ్లను చూశాను. నాకు మాత్రం చివరి రెండు అంకెల మధ్య తేడా దగ్గరే కళ్లు ఆగిపోతాయి. ఒక కాగితం, "మళ్లీ అడుగుతాం" అన్న మాట. డాక్టరుకు పట్టిన అదనపు సమయం ఎంత? అర నిమిషం ఉంటుందేమో. నాన్నకు ఆ రోజు దక్కింది మూడో గుంపు వైద్యం. నాలుగో గుంపులో వేసి ఉంటే కచ్చితంగా మానేవాడని చెప్పను. కానీ బస్టాండు దాకా అయినా ఆగేవాడేమో.

ఇక నికోటిన్ విషయం. పొగ పీల్చిన పది, ఇరవై సెకన్లలో అది మెదడుకు చేరుతుంది. చేతికి గుచ్చే సూది కంటే కూడా ఇది త్వరగా పనిచేస్తుంది. దాదాపు రెండు గంటలకు ఒంట్లో దాని మోతాదు సగానికి పడిపోతుంది. రాత్రంతా పడుకుని లేచేసరికి ఒళ్లు ఖాళీ. అందుకే పొద్దున లేచిన అరగంటలోపే మొదటిది వెలిగించేవాళ్లను గట్టిగా అలవాటు పడ్డవాళ్ల కింద లెక్కవేస్తారు. రోజుకు ఎన్ని తాగుతావు అన్నదానికంటే లేచిన ఎంతసేపటికి వెలిగిస్తావు అన్న ప్రశ్న చాలాసార్లు ఎక్కువ చెబుతుంది. నాన్న అయితే ముఖం కడుక్కోకముందే.

రసెల్ 1976లోనే ఇంకో మాట రాశాడు. జనం నికోటిన్ కోసం పొగ తాగుతారు, చనిపోయేది మాత్రం తారు వల్ల, అంటే పొగలోని జిగట మసి వల్ల, అని. ఈ మాటలోనే చికిత్స అంతా ఉంది. పొగ లేకుండా, తారు లేకుండా, మెదడు అడిగే ఆ నికోటిన్‌ను కొంచెం కొంచెంగా ఇచ్చి, రెండు మూడు నెలల్లో మెల్లగా తగ్గించడం. నికోటిన్ గమ్ పుట్టుక కూడా సరదా కథే. 1960ల చివర్లో స్వీడన్‌లో జలాంతర్గాములలో పనిచేసే నావికులు లోపల పొగ తాగడం కుదరక నోట్లో పెట్టుకునే పొగాకుతో గడిపేస్తున్నారని ఒక శాస్త్రజ్ఞుడు గమనించాడు. ఆ సంగతి ఓవే ఫెర్నో అనే మందుల పరిశోధకుడికి ఉత్తరంలో రాశాడు. నోటి ద్వారా నికోటిన్ అందితే పొగ అక్కర్లేకుండా గడపొచ్చన్న ఆలోచన అక్కడ మొదలైంది. ఆ గమ్ 1978లో స్విట్జర్లాండ్‌లో మందుగా అనుమతి పొందింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో దాన్నీ పట్టీనీ అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. అంటే ప్రతి దేశంలోనూ అందుబాటులో ఉండాల్సిన మందులవి. ఆ జాబితాలో చేరినంత సులువుగా అవి మందుల పెట్టెలో చేరలేదు. పొగాకు దొరకని ఊరంటూ ఉండదు. జేబులో డబ్బు లేకపోతే అప్పు మీద కూడా ఇస్తారు. దాన్ని మాన్పించే గమ్‌ను అప్పు మీద ఇచ్చేవాడిని ఎక్కడైనా చూశారా?

గమ్ దొరికితే సరిపోతుందా అంటే, అదీ కాదు. ఇది నా చేతకానితనం కథ. ఆస్పత్రి నుంచి వచ్చిన నెలకు నేను నాన్నకు ఒక డబ్బా గమ్ పంపించాను. నన్ను బతికించింది కదా, ఆయన్నీ బతికిస్తుందని లెక్క. పది రోజుల తర్వాత ఫోన్ చేస్తే "దిక్కుమాలిన మందు పంపావురా, వెక్కిళ్లు, కడుపులో మంట" అన్నాడు. ఎలా నమిలావని అడిగితే, ఎలా నమలాలో అలాగే నమిలాను అన్నాడు. అదే తప్పు. దాన్ని చూయింగ్ గమ్‌లా గబగబా నమిలితే నికోటిన్ ఉమ్ముతో పాటు కడుపులోకి పోతుంది. అక్కడ మంట తప్ప లాభం లేదు. నెమ్మదిగా నాలుగుసార్లు నమిలి, నోట్లో మిరియం కొరికినట్టు చురుక్కుమనగానే ఆపి, చెంపకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. ఆ చురుకు తగ్గాక మళ్లీ నాలుగుసార్లు నమలాలి. అలా అరగంట. పావుగంట ముందు నుంచి కాఫీ గానీ గ్యాస్ డ్రింకులు గానీ తాగకూడదు. నోట్లో పులుపు ఉంటే మందు చిగురు గుండా ఎక్కదు. పైగా లేవగానే వెలిగించే మనిషికి నేను పంపింది రెండు మిల్లీగ్రాముల రకం. ఆయనకు కావలసింది నాలుగు. ఇవన్నీ నాకు నర్సు దగ్గర కూర్చోబెట్టి నేర్పింది. నేను నాన్నకు డబ్బా పంపాను గానీ నర్సును పంపలేకపోయాను.

మందు పనిచేయలేదని ఊళ్లో ఒకసారి పేరు పడితే ఆ మాట ఎంత దూరం పోతుందో చెప్పక్కర్లేదు. నాన్న మాట విని ఇంకో ఇద్దరు గమ్ పేరెత్తడమే మానేశారు. తక్కువ మోతాదు, తక్కువ రోజులు, తప్పు వాడకం. ఈ మూడింటి వల్ల మంచి మందుకు చెడ్డ పేరొస్తుంది. పట్టీ ఒక్కటే వాడినవాళ్ల కంటే, పట్టీతో పాటు కోరిక పుట్టినప్పుడల్లా గమ్ కూడా వాడినవాళ్లు ఎక్కువమంది మానగలుగుతారని ఎన్నో పరీక్షల్లో తేలింది. కానీ పాపం, రెండూ ఒకేసారి వాడితే విషమని భయపడి పట్టీ పీకేసి గమ్ వేసుకునేవాళ్లే ఎక్కువ.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. పొగలోని తారు వల్ల మన కాలేయం కాఫీలోని కెఫీన్‌ను మామూలు కంటే చాలా వేగంగా ఖర్చు చేస్తుంటుంది. పొగ మానగానే ఆ వేగం పడిపోతుంది. తాగే కాఫీ అంతే అయినా ఒంట్లో కెఫీన్ దాదాపు రెట్టింపు అవుతుంది. గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం. మానిన మనిషి ఇదంతా సిగరెట్టు లేకపోవడం వల్లే అనుకుని మళ్లీ వెలిగిస్తాడు. కాఫీ సగం చెయ్యమని ఒక్క మాట చెప్పేవాళ్లుంటే చాలు. నా మూడో ప్రయత్నం ఇలాగే పోయిందని నా అనుమానం. ఆ రోజుల్లో నిద్ర ఆపుకోవడానికి తెగ కాఫీ తాగేవాణ్ణి.

ఇక్కడ నాతో వాదించేవాళ్లకు ఒక గట్టి మాట ఉంది. దాన్ని నేను దాటేయలేను. పొగ మానేసినవాళ్లలో ఎక్కువమంది ఏ మందూ ఏ క్లినిక్కూ లేకుండానే మానేశారు. ఇది నిజం. మా మామయ్య అలాగే మానాడు, ఒక రోజు పొద్దున పెట్టె పారేసి మళ్లీ ముట్టలేదు. మరి ఊళ్లకు మందులెందుకు, మనసుంటే చాలదా అంటారు. నా జవాబు: ఈత రాకుండా ఏటిలో దూకినవాళ్లలో ఒడ్డుకు చేరినవాళ్లే కనిపిస్తారు, వాళ్లే కథ చెబుతారు. ఏ సాయమూ లేకుండా చేసే ఒక్కో ప్రయత్నంలో ఆర్నెల్లు, ఏడాది నిలబడేది నూటికి ముగ్గురు నుంచి ఐదుగురు. అలా ప్రయత్నించేవాళ్లు కోట్లలో ఉంటారు కాబట్టి, గెలిచినవాళ్లు కూడా లక్షల్లో తేలతారు. నికోటిన్ మందులు ఆ అవకాశాన్ని ఒకటిన్నర రెట్లు చేస్తాయి. పొగ కోరికను తగ్గించే వారెనిక్లిన్ అనే మాత్ర రెండు రెట్లకు పైగా. మా మామయ్యను చూపించి నాన్నను సిగ్గుపడేలా చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ సిగ్గు వల్ల ఆయన ఒక్క సిగరెట్టు తగ్గించగా నేను చూడలేదు. పశువుల పాక వెనక్కి వెళ్లి తాగాడు, అంతే.

సిగ్గు గురించి ఇంకొంచెం చెప్పాలి. పట్నంలో నేను క్లినిక్‌కు వెళ్తే నన్నెవరూ గుర్తుపట్టలేదు. అందరూ అందరికీ తెలిసిన చోట సాయం అడగడమంటే ఊరందరి ముందూ ఒప్పుకోవడం. రేపు మళ్లీ వెలిగిస్తే ఊరందరి ముందూ ఓడిపోవడం. అందుకే చాలామంది ఎవరికీ చెప్పకుండా మానడానికి చూస్తారు, ఎవరికీ చెప్పకుండానే మళ్లీ మొదలుపెడతారు. పొగాకు వాడే ఆడవాళ్ల సంగతి మరీ ఘోరం. వాళ్లు వాడుతున్నట్టే ఒప్పుకోలేరు, ఇక మానడానికి సాయం ఎక్కడ అడుగుతారు? ఇంటికి వచ్చే ఆరోగ్య కార్యకర్త అయితే బీపీ చూస్తూ, దగ్గు మందు ఇస్తూ, మధ్యలో ఈ మాట కూడా అడగొచ్చు. ఎవరికీ అనుమానం రాదు.

ఫోన్ ఉంది కదా అంటారు. ఉంది. బ్రిటన్‌లో 5800 మంది మీద చేసి 2011లో ప్రచురించిన పరీక్షలో, ఫోనుకు ప్రోత్సాహపు సందేశాలు వచ్చినవాళ్లలో ఆర్నెల్ల తర్వాత 10.7 శాతం మానేశారు. మామూలు సందేశాలు వచ్చినవాళ్లలో 4.9 శాతమే. ఉమ్మి పరీక్ష చేసి మరీ నిర్ధారించిన అంకెలివి. చవకగా రెట్టింపు ఫలితం. కాకపోతే ఇంటికంతా కలిపి ఒక్క ఫోను ఉన్నచోట, సందేశం చదివిపెట్టేది మనవరాలైనచోట, సిగ్నల్ కోసం మేడ ఎక్కాల్సిన చోట ఈ లెక్క యథాతథంగా నడుస్తుందని నేను నమ్మను. ఫోను మనిషికి తోడుగా వస్తే మంచిదే. మనిషికి బదులుగా ఫోను పంపి చేతులు దులుపుకుంటేనే నాకు అభ్యంతరం.

ఇప్పుడు నాన్న నాకు నేర్పిన సంగతి. పొలంలో నడుం వంచి పనిచేసేవాడికి మధ్యలో కూర్చోవడానికి ఒక కారణం కావాలి. ఊరికే కూర్చుంటే సోమరి. సిగరెట్టు వెలిగించుకుని కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు. "ఒకటి కాల్చుకుని వస్తా" అన్న మాటకు పనిచోట గౌరవం ఉంది. పొగ తాగనివాడు ఆ ఐదు నిమిషాలు కూడా పనిచేస్తూనే ఉంటాడు. ఆకలిని కాసేపు వెనక్కి నెట్టే పని కూడా దానిదే. భోజనం ఆలస్యమయ్యే రోజుల్లో అది చిన్న విషయం కాదు. తోటివాళ్లతో ముచ్చట్లు కూడా ఆ నిప్పు చుట్టూనే. సిగరెట్టు మానెయ్ అంటే ఆయన చెవికి ఇవన్నీ మానెయ్ అని వినిపించింది. విశ్రాంతి మానెయ్, స్నేహితుల పక్కన కూర్చోవడం మానెయ్, ఆకలికి ఓర్చుకో. క్లినిక్‌లో ఏసీ కింద కూర్చుని "ట్రిగ్గర్లకు, అంటే పొగ గుర్తుచేసే వాటికి, దూరంగా ఉండండి" అని నాకు చెప్పారు. నేను ఉండగలిగాను, టీ విరామంలో వేరే వైపు నడిచేవాణ్ణి. ఆయన ఎటు నడుస్తాడు?

అందుకే ఊళ్లో ఒక్కణ్ణి విడిగా మాన్పించాలని చూడటం ఎదురీతే అనిపిస్తుంది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో 1971 నుంచి 2003 దాకా 12 వేల మందికి పైగా మనుషులనూ వాళ్ల బంధాలనూ గమనించిన లెక్కలను నికొలస్ క్రిస్టకిస్, జేమ్స్ ఫౌలర్ 2008లో ప్రచురించారు. జనం విడివిడిగా కాక గుంపులు గుంపులుగా మానేశారని అందులో తేలింది. భార్యాభర్తల్లో ఒకరు మానితే రెండోవాళ్లు తాగే అవకాశం 67 శాతం తగ్గింది. స్నేహితుడు మానితే 36 శాతం. చిన్న పనిచోట్లలో తోటి ఉద్యోగి మానితే 34 శాతం. మిగిలిపోయి తాగేవాళ్లు మెల్లగా గుంపు అంచుకు జరిగిపోయారు. ఈ చివరి మాట చదివినప్పుడు నాకు బాధేసింది. సాయం అందక మిగిలినవాళ్లే కదా ఆ అంచున ఉన్నది.

ఊళ్లో అందరూ అందరికీ తెలియడం సిగ్గుకు కారణమైతే, అదే బలం కూడా కావచ్చు. థాయిలాండ్ పల్లెల్లో చేసి 2013లో ప్రచురించిన ఒక పరీక్షలో పొగ తాగేవాళ్లను ఇద్దరిద్దరిగా జతకట్టారు. తమ డబ్బు కొంత డిపాజిట్ పెట్టించి, ఇద్దరూ మానితే ఇద్దరికీ బహుమతి అన్నారు. ఊరికే కౌన్సెలింగ్ పొందినవాళ్ల కంటే వీళ్లలో మానినవాళ్లు రెండింతలకు పైగా తేలారు. ఫిలిప్పీన్స్‌లోని మిండనావోలో ఒక బ్యాంకు ఇంకో రకంగా చేసింది. ఆర్నెల్లపాటు సిగరెట్టు డబ్బులు ఖాతాలో వేసుకోండి, చివర్లో మూత్ర పరీక్షలో నికోటిన్ లేకపోతే మొత్తం మీదే, ఉంటే ధర్మానికి పోతుంది అంది. 2010లో ఫలితాలు వచ్చాయి. ఈ ఖాతా ఇస్తామన్నవాళ్లలో తీసుకున్నది 11 శాతమే. అయినా ఇవ్వచూపినవాళ్లందరినీ కలిపి చూస్తే పరీక్షలో నెగ్గినవాళ్లు మిగతావాళ్ల కంటే మూడు శాతం ఎక్కువ. ఏడాది తర్వాత చెప్పకుండా వెళ్లి పరీక్షించినా ఆ తేడా నిలిచింది. పేదవాడి డబ్బు పందెంలో పెట్టించడం నాకు పూర్తిగా నచ్చదు. పోగొట్టుకున్నవాళ్ల ముఖాలు కళ్లముందు కదులుతాయి. థాయి జంటల పద్ధతి నాకు దగ్గరగా అనిపిస్తుంది, అందులో పక్కవాడు గెలిస్తేనే నువ్వు గెలుస్తావు.

మందుల ఖరీదు అన్నది చాలామంది చివరగా తీసే అడ్డంకి. దానికి సైటిసిన్ పేరు చెప్పాలి. లాబర్నమ్ అనే చెట్టు గింజల్లోంచి తీసే మందు ఇది. బల్గేరియాలో 1964 నుంచే టాబెక్స్ పేరుతో అమ్ముతున్నారు. మెదడులో నికోటిన్ కూర్చునే పీట మీద ఇది కూర్చుంటుంది. 25 రోజుల కోర్సు. తూర్పు యూరప్‌లో దశాబ్దాలుగా చవకగా దొరికిన దీన్ని మిగతా ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు. ఈలోగా దీని నమూనా ఆధారంగానే తయారైన వారెనిక్లిన్ 2006లో బజారులోకి వచ్చి, చాలామందికి అందని ధర పలికింది. న్యూజిలాండ్‌లో 1310 మంది మీద సైటిసిన్‌నూ నికోటిన్ మందులనూ పోల్చారు. 2014లో వచ్చిన ఫలితాల్లో నెల తర్వాత సైటిసిన్ వాడినవాళ్లలో 40 శాతం, నికోటిన్ వాడినవాళ్లలో 31 శాతం పొగ లేకుండా ఉన్నారు. 2024 మార్గదర్శకాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సైటిసిన్‌నూ సిఫారసు చేసింది.

ఇంతా చెప్పి, నా వాదనకు అడ్డొచ్చే ఫలితాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. బంగ్లాదేశ్, పాకిస్తాన్‌లలో క్షయ చికిత్స తీసుకుంటున్న 2472 మంది పొగరాయుళ్ల మీద సైటిసిన్‌ను పరీక్షించారు. 2020లో ఫలితాలొచ్చాయి. ఆర్నెల్లకు మందు తీసుకున్నవాళ్లలో 32.4 శాతం, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో 29.7 శాతం మానేశారు. చెప్పుకోదగ్గ తేడా లేదు. మందు ఓడిపోయిందని శీర్షిక పెట్టుకోవచ్చు. నేను రెండో అంకె వైపు చూస్తాను. ఏ మందూ లేని మాత్ర మింగిన నూటిలో దాదాపు ముప్పై మంది మానేశారు! రెండు గుంపులకూ అందింది ఒకటే: క్షయ కేంద్రంలోని ఆరోగ్య సిబ్బంది ఎదురుగా కూర్చుని కాసేపు మాట్లాడటం, మళ్లీ చికిత్సకు వచ్చినప్పుడు ఇంకోసారి మాట్లాడటం. జబ్బు భయం కూడా పనిచేసి ఉంటుంది, కాదనను. కానీ మా నాన్నకూ జబ్బు భయం ఉంది. ఆయనకు లేనిది ఆ ఎదురుగా కూర్చునే మనిషి.

కాబట్టి ఎక్కడో పెద్దాస్పత్రిలో పొగ మాన్పించే విభాగం కొత్తగా తెరిచారన్న వార్త చదివితే నాకు పెద్దగా ఉత్సాహం రాదు. అక్కడికి రాగలిగేవాళ్లకు ఇప్పటికే ఏదో ఒక దారి ఉంది. క్షయ మందులు ఇచ్చేచోట, బీపీ చూసేచోట, గర్భిణుల పేర్లు రాసుకునేచోట ఈ ప్రశ్న కూడా ఉండాలి. అడిగే మనిషి సంచిలో పట్టీలు, గమ్ ఉండాలి. గమ్ ఎలా నమలాలో ఆమె ముందు తను నమిలి చూపించగలగాలి. ఆమెకు ఇప్పటికే నెత్తి మీద వంద పనులున్నాయని నాకు తెలుసు. ఈ నూట ఒకటో పనికి జీతం ఇవ్వకుండా, "సేవాభావంతో చెయ్యమ్మా" అంటే అది మొదటి నెలతోనే ఆగిపోతుంది. ఎంతమందికి చెప్పావు అని ఆమెను లెక్క అడగకండి. అలా అడిగితే ఒక్కరోజులో ఊరందరికీ చెప్పి సంతకాలు పెట్టించుకుంటుంది. ఎంతమంది దగ్గరికి రెండోసారి, మూడోసారి వెళ్లావు అని అడగండి.

నాన్న సంగతి చెప్పి ఆపుతాను. గమ్ గొడవ అయిన ఏడాదికి వాళ్ల వైపు తిరిగే ఆరోగ్య కార్యకర్తకు ఇందులో కొంత శిక్షణ దొరికింది. ఆమె ఇంటికి వచ్చి, బీపీ చూసి, "బాబాయ్, లేచిన ఎంతసేపటికి వెలిగిస్తావు?" అని అడిగింది. రోజుకు ఎన్ని అని కాకుండా అలా అడిగినందుకు నాన్న ఆశ్చర్యపోయి నిజం చెప్పేశాడట. "ఈ వయసులో మాని ఏం లాభమమ్మా" అని కూడా అన్నాడు. అప్పటికి ఆయనకు అరవై. రిచర్డ్ డాల్ బృందం 1951 నుంచి యాభయ్యేళ్లు బ్రిటిష్ డాక్టర్ల మీద చేసిన పరిశీలన ప్రకారం, తాగుతూనే ఉంటే సగటున పదేళ్ల ఆయుష్షు పోతుంది. ముప్పైలో మానితే దాదాపు ఆ పదేళ్లూ వెనక్కొస్తాయి. నలభైలో అయితే తొమ్మిది, యాభైలో ఆరు, అరవైలో మూడు. ఆమె చోట నేనుంటే ఈ లెక్కలన్నీ చెప్పేవాణ్ణి. ఆమె చెప్పలేదు. "వచ్చే వారం మళ్లీ వస్తాను, అప్పుడు చెప్పు" అని వెళ్లిపోయిందట. చెప్పినట్టే వచ్చింది.

మూడోసారి వచ్చినప్పుడు ఒక తేదీ రాసుకున్నారు. నాన్నతో పాటు పక్కింటాయన కూడా. పట్టీతో పాటు గమ్, ఈసారి నాలుగు మిల్లీగ్రాములది, నమలడం ఆమె చూపించింది. పనిలో కూర్చోవడానికి ఏం చేశావు నాన్నా అని అడిగితే, "గమ్ వేసుకుని కూర్చుంటాను, డాక్టరు అరగంట కూర్చోమన్నాడని చెప్తాను" అన్నాడు. డాక్టరు అలా అనలేదు. నేనేమీ దిద్దలేదు.

పదకొండు వారాలు ఆగాడు. తర్వాత చిన్ననాటి స్నేహితుడు పోయిన రాత్రి రెండు తాగాడు, మర్నాడు ఆరు, ఆ తర్వాత లెక్క మానేశాడు. నాకు ఫోన్‌లో చెప్పలేదు. ఆమెకు మాత్రం వచ్చిన వెంటనే తనే చెప్పాడట. ఆమె పుస్తకం తీసి, పాత తేదీ మీద గీత కొట్టి, "ఆ రాత్రి సంగతి సరే, పదకొండు వారాలు ఎలా ఆగావో అది చెప్పు బాబాయ్, రాసుకుంటాను" అంది. పక్కింటాయన ఇంకా ఆగే ఉన్నాడు. నాన్నకు అదే పెద్ద కడుపుమంటగా ఉంది. కొత్త తేదీ వచ్చే సోమవారం.